ఉపేక్షించదగిన బావగారు

పూజ్యులైన బావగారికి, చేతులకంటిన పిండి కడుక్కున్న తరువాతే చదవవలసినదిగా ప్రార్థిస్తూ వ్రాస్తున్నాను.

ముందుగా నా తెలుగు పేదరికానికి క్షమాపణలు. పగలు గిడ్డంగిలో బస్తాలు తూస్తూ, సాయంకాల కళాశాలలో చదివి పట్టా పుచ్చుకున్నవాణ్ణి. భాషలో లోపాలుంటే మన్నించండి. గణితంలో లోపాలుండవు.

ఈ ఏడు అదే కళాశాలవారు ఎం.ఎస్సీ. విద్యార్థులకు గణిత పద్ధతులు బోధించే బాధ్యతను తాత్కాలికంగా నాకు అప్పగించారు. సంవత్సరం మధ్యలో పెట్టే పరీక్షకు బదులుగా ఒక ప్రాజెక్టు రూపొందించాలి. "పుస్తకంలోది వద్దు, బతుకులోది కావాలి. బాగుంటే వచ్చే ఏడూ ఈ పాఠం మీదే. లేకపోతే ఇంకొకరికి ఇస్తాను" అని శాఖాధ్యక్షురాలు తేల్చి చెప్పారు. నా బతుకులో బస్తాలే ఉన్నాయి. మీ రొట్టెల బట్టీలో ఎడమ మూల మాడుతుందనీ, కుడి మూల పచ్చిగా ఉండిపోతుందనీ అక్కయ్య చెప్పింది. ఆ బట్టీని నా విద్యార్థులకు అప్పగించడానికి అనుమతి ప్రసాదించగలరు.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. మీరు ఫోను ఎత్తరు గనుక ఉత్తరం వ్రాయవలసి వచ్చింది. ఎత్తినా పిండిలో పడేస్తారట.

*

లెక్కల బావమరిదికి,

నీ ఉత్తరం సగం నాకు అర్థమైంది. మిగతా సగం మీ అక్క చదివి నవ్వింది. బట్టీ బాగుచేస్తానంటే వద్దంటానా? మాడినవన్నీ అమ్మలేక నేనే తింటున్నాను, పళ్ళు అరిగిపోతున్నాయి. నీ పిల్లల చేత ఏమేం చేయిస్తావో వివరంగా రాయి.

ఉంటాను,
మీ బావ

తా.క. తాపీలు, ఇటుకలు వాళ్ళే తెచ్చుకోవాలి. రొట్టెలు మాత్రం నేను పెడతాను, ఎడమ మూలవి.

*

పూజ్యులైన బావగారికి,

మీ ఔదార్యానికి కృతజ్ఞుణ్ణి. ప్రాజెక్టు పత్రాన్ని శాఖాధ్యక్షురాలికి ఇవ్వబోయే ముందు బట్టీ యజమానిగా మీకు చూపడం మర్యాద. బట్టీలో వేడి ఎటు పోతుందో పిల్లలు లెక్కకట్టాలి. అందుకు పత్రంలో అనుకున్న ముఖ్యాంశాలు ఇవి: బట్టీ పరిపూర్ణమైన గోళం. దాని తలుపు ఎన్నటికీ తెరుచుకోదు. రొట్టె వేడిని పీల్చుకోదు. యజమాని ఉపేక్షించదగినవాడు.

ఇంత శుభ్రమైన ప్రాజెక్టు మా కళాశాలలో ఇంతవరకు ఎవరూ ఇవ్వలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. గోళానికి మూలలుండవు. కాబట్టి మీ సమస్య మొదటి వాక్యంలోనే సగం తీరింది.

*

ఏమయ్యా బావమరిదీ,

నీకు మతి ఉందా? బట్టీని బంతిలా కడితే రొట్టెలు ఎక్కడ నిలబడతాయి? తలుపు తెరుచుకోకపోతే లోపల ఎలా పెట్టను, పొగగొట్టంలోంచి విసరనా? వేడే పీల్చుకోకపోతే అది రొట్టె ఎందుకవుతుంది, పిండిముద్దే కదా!

ఇవన్నీ పోనీలే అనుకుందాం. నన్ను ఉపేక్షించొచ్చా? ఆ పని మీ అక్క ఇంట్లోనే చక్కగా చేస్తోంది, దానికి మీ కాలేజీ కూడా ఎందుకు? ఈ బట్టీ మీ నాన్నగారు నాకిచ్చిందే కావచ్చు. అంతమాత్రాన నన్ను పక్కన పెట్టేసి పిల్లల చేత నడిపిద్దామని చూస్తున్నావా?

మీ బావ

తా.క. తమ్ముడూ, నేను అక్కయ్యని. ఈయన పొద్దుటినుంచి బట్టీ తలుపు ఊరికే తెరుస్తూ మూస్తూ ఉన్నాడు, తెరుచుకుంటుందని నీకు రుజువు చేయడానికి. ఒక్క రొట్టె కాలలేదు.

*

పూజ్యులైన బావగారికి,

మీ ఆగ్రహం నన్ను కలచివేసింది. మా వృత్తిలో ఒక ఆచారం ఉంది. లెక్కకు అడ్డుపడే ప్రతిదాన్నీ మొదట తీసేస్తాం. తలుపును తీసేస్తాం, రొట్టెను తీసేస్తాం, ఆపై మిమ్మల్ని తీసేస్తాం. మిగిలినదాన్ని సాధిస్తాం. అనంతరం ఒక్కొక్కటిగా వెనక్కి తెస్తాం. ప్రాజెక్టు రెండవ భాగంలో మీరు ఒక అల్ప సవరణగా సగౌరవంగా తిరిగి ప్రవేశిస్తారు. ఇందులో మీ యాజమాన్యానికి వచ్చిన ప్రమాదమేమీ లేదు.

ఇట్లు,
విధేయుడైన బావమరిది

తా.క. మీకు గుర్తుగా ఎప్సిలాన్ అనే గ్రీకు అక్షరాన్ని కేటాయించాను. గణితంలో దానికున్న గౌరవం మరే అక్షరానికీ లేదు.

*

బావమరిదీ,

రొట్టెలకు వచ్చిన టీచరమ్మను అడిగాను, ఎప్సిలాన్ అంటే ఏంటమ్మా అని. "ఎంత చిన్నదంటే అంత చిన్నదండీ, చివరికి సున్నా చేసేస్తాం" అంది.

రేపు మీ కాలేజీకి వస్తున్నాను. నీతో కాదు, మీ పెద్దావిడతోనే తేల్చుకుంటాను.

ఎప్సిలాన్

తా.క. తమ్ముడూ, ఆపలేకపోయాను. ఇస్త్రీ చొక్కా కూడా అడిగాడు.

*

గౌరవనీయులైన పరీక్షాధికారి గారికి,

ఈ సంబోధన ఎందుకో క్రింద వివరిస్తాను.

నిన్న మీరు శాఖాధ్యక్షురాలి గదిలో ఉన్నంతసేపూ నేను వరండాలో గోడకు ఆనుకుని నిలబడ్డాను. "ఏమ్మా, మిమ్మల్ని తీసేసి కాలేజీ నడుస్తుందనుకోమంటే ఊరుకుంటారా?" అన్న మీ గొంతు మెట్లదాకా వినిపించింది. ఆమె మీకు ఎప్సిలాన్‌ను బల్లమీద గీసి చెప్పారు, గాలిలో గీసి చెప్పారు. ప్రతిసారీ మీరు "అయితే నేను ఉన్నట్టా, లేనట్టా?" అన్నారు.

మీరు వెళ్ళాక ఆమె నన్ను పిలిచారు. పాఠం చేజారిందనే అనుకుని లోపలికి వెళ్ళాను. ఆమె చెమట తుడుచుకుంటున్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో నన్ను ఫెయిల్ చేసిన మొదటి మనిషి మీ బావగారు. ఇక ఇదే ప్రాజెక్టు. లెక్క ఎవరైనా చేస్తారు. తాము వదిలేసినదాన్ని ఎందుకు వదిలేశారో ప్రతి విద్యార్థీ ఒక్క గణిత గుర్తు కూడా వాడకుండా ఆయనకు ఉత్తరం రాయాలి. ఆయన సరేనంటేనే మార్కులు. వచ్చే ఏడూ పాఠం మీదే" అన్నారు. నా కాలు గడప దాటేలోపే ఇంకొక మాట కలిపారు: "ముందు మీరు పాసవ్వండి."

కాబట్టి ఇది ఉత్తరం కాదు. నా జవాబు పత్రం.

బావగారూ, గోళాన్ని ఉపసంహరించుకున్నాను. మీ బట్టీ పెట్టెలాగే, మూలలతోనే ఉంటుంది. మిమ్మల్ని మాత్రం మొదటి భాగంలో చేర్చలేను. మీరు వాసన చూసి తలుపు తీస్తారు, రొట్టెను తట్టి చప్పుడు విని మళ్ళీ మూస్తారు, ఎవరైనా పలకరిస్తే తెరిచే ఉంచి కబుర్లలో పడతారు. వేడి ఎటు పోతుందో నేను చెప్పగలను. మీరు ఎటు పోతారో చెప్పే సమీకరణం నాకు రాదు. రానిదాన్ని చిన్నదని పిలవడం మావాళ్ళ అలవాటు. అంతే సంగతి.

మార్కుల విషయంలో బంధుత్వం చూడవద్దని కోరుతున్నాను. కొంచెం చూసినా అభ్యంతరం లేదు.

ఇట్లు,
మీ ప్రథమ విద్యార్థి

తా.క. మార్కులు వేశాకే దీన్ని అక్కయ్యకు ఇవ్వండి. ముందే ఇస్తే ఆమె దిద్దుతుంది. ఆమె చదివాక శాఖాధ్యక్షురాలికి పంపండి, మీ దగ్గర ఫెయిలైన ఆవిడ కూడా పరీక్ష మళ్ళీ వ్రాయవలసి ఉంది. నా విద్యార్థులకు మాత్రం చూపకండి, కాపీ కొడతారు.