తొంభై తొమ్మిది కింద చిన్న అక్షరాలు

గురువారం, రాత్రి

కంకిపాడు టాక్సీ ఏసుబాబు ఈ రోజు ఆయిల్ ఫిల్టర్ ఖాళీ పెట్టె పట్టుకుని నా స్పేర్ పార్టుల షాపుకొచ్చాడు. "ఇంజన్ లోపల అరిగిపోయి బోరుకొచ్చేసిందండీ. మెకానిక్ ఈ పెట్టె మీదది మీ చేత చదివించమన్నాడు" అన్నాడు.

తొంభై తొమ్మిది శాతం మురికి ఆపుతుందని ఏళ్ల తరబడి నేనే చెప్పి అమ్మాను. పెట్టె మీద ఆ అంకె కింద చీమతలకాయంత అక్షరాల్లో, నలభై మైక్రాన్లు దాటిన రేణువులను మాత్రమే అని ఉంది. అంటే వెంట్రుక మందంలో సగం. అంతకన్నా సన్నటి పొడి ఇంజన్‌ను అరగదీస్తూనే ఉందన్నమాట. ఒక్కసారైనా కళ్లజోడు పెట్టుకుని చదివానా?

తిడతాడనుకున్నాను. "బోరు చేయించాక వేసుకోవాలి, మంచిది మీరే చూసివ్వండి" అన్నాడు.

అరలోని పెట్టెలన్నీ తిప్పి చూశాను. సగం వాటి మీద ఆ చిన్న అక్షరాలు కూడా లేవు. చివరికి ఏదో ఒకటి చేతిలో పెట్టాను. అతను చూడనైనా చూడకుండా సంచిలో వేసుకుని వెళ్లాడు.