అమ్మ నొక్కిన నవ్వు ముఖం

కోహీర్

శిల్ప మేడమ్‌కు నమస్కారం.

కాలేజీ యాప్‌లో రోజూ నవ్వు ముఖం నొక్కుతున్నానని నిన్న క్లాసులో నన్ను మెచ్చుకున్నారు. అవి నేను నొక్కినవి కావు మేడమ్. మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫోన్, అది అమ్మ దగ్గరే ఉంటుంది. "ఈ రోజు ఎలా ఉన్నావు?" అని యాప్ అడిగే వేళకు నేను జహీరాబాద్ బస్సులో ఉంటాను, నా బదులు అమ్మే నొక్కుతుంది.

"పొద్దుగాల్నే ఏడుపు మొఖం ఒత్తొద్దు బిడ్డా, ఇంటికి మంచిది కాదు" అంటుంది అమ్మ. నాన్న పోయినప్పటి నుంచి తను నవ్వింది లేదు.

ఎందుకు చదువుతున్నానో నాకు తెలియడం లేదు. ఒక్కోసారి కాలేజీ దగ్గర బస్సు దిగబుద్ధి కాదు. ఇంటికి ఫోన్ చేయకండి, అమ్మే ఎత్తుతుంది. సోమవారం క్లాసయ్యాక నన్ను ఒక్కదాన్నే ఆపి, ఆ ప్రశ్న మీరే అడగండి.

ఈసారి జవాబు నేను చెబుతాను.

మీ విద్యార్థిని