పొగ రాని వంట

1948 జూన్ 14, సోమవారం. సూర్యాపేట

బడి తెరిచారు. మిషన్ బడిలో ఈ ఏడు కూడా నేను చెప్పేది మూడో తరగతికే. పిల్లలు సగం మందే వచ్చారు. మిగతావాళ్లను తల్లిదండ్రులు సరిహద్దు దాటించి కృష్ణ అవతలికి పంపేశారట.

పొద్దు గూకాక పొయ్యి వెలగకూడదని నిన్న మా వీధిలో దండోరా వేశారు. దీపం కూడా పెట్టకూడదు. నిజాం సర్కారు మీద తిరగబడ్డ సంఘం వాళ్లకు ఎవరో వండి పెడుతున్నారని సర్కారు మనుషుల అనుమానం. నేను బడి నుంచి ఇల్లు చేరేసరికి ఐదున్నర. తడి కట్టెలు అంటుకునేసరికి ఆరు. ఇవాళ పప్పు ఉడకనే లేదు. అత్త సాలమ్మ ఆ పలుకు పప్పే తినేసింది. ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది.

జూన్ 15

పప్పు మళ్లీ ఉడకలేదు. ఈ రోజు తిట్టింది.

జూన్ 19, శనివారం

ఒంటిపూట బడి. మధ్యాహ్నం నుంచీ రోటి దగ్గరే ఉన్నాను. కందిపప్పు, ఎండు మిరపకాయలు, జీలకర్ర వేయించి, ఎల్లిపాయలు వేసి దంచాను. నువ్వులు వేరే దంచాను. చింతపండు ఉప్పు, పసుపు వేసి ఉడికించి గుజ్జు తీసి జాడీకెత్తాను. ఇక వారమంతా అన్నం ఒక్కటి వార్చుకుంటే చాలు. గుజ్జు నీళ్లలో కలిపి, ఉల్లిగడ్డ కోసి, నువ్వుల పొడి చల్లితే పచ్చిపులుసు అయిపోతుంది. దానికి పొయ్యితో పనే లేదు.

మా ఆయన మిర్యాలగూడ దవాఖానలో కాంపౌండర్. ప్రతి శనివారం బస్సులో వస్తాడు. పొడులు పోసుకోమని ఖాళీ మందు సీసాలు కడిగి తెచ్చాడు. రెండింటి మీద టింక్చర్ లేబుల్ అలాగే ఉంది. అత్త వాటిని చూసి, "ఇది వంటిల్లా, నీ దవాఖాననా? ఏ రోగానికి ఏ సీసనో జర నాకు గూడ చెప్పున్రి" అన్నది. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. చేతులు మండుతున్నాయి.

జులై 3, శనివారం. సాయంత్రం ఆరు

బస్సు రాలేదు.

జులై 5

మిర్యాలగూడ బస్సు ఇక నడవదట. ఎందుకో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతున్నారు. ఉత్తరం లేదు. క్లాసులో ఒకే లెక్క రెండుసార్లు చేయించానట, ముందు వరసలో పిల్ల లేచి చెప్పింది. ఇంటికొచ్చి సీసాలన్నీ దించి తుడిచి మళ్లీ పెట్టాను. కాసేపటికి మళ్లీ దించాను. అత్త చూస్తూ కూర్చున్నది. కొడుకు పేరు ఆమె ఎత్తదు, నేనూ ఎత్తను.

జులై 12

గోడవతల లక్ష్మీనర్సమ్మ శనివారం కంది పొడి అడిగి అరసీసా తీసుకున్నది. ఈ రోజు ఖాళీ సీసా పట్టుకుని మళ్లీ వచ్చింది. మగ్గం మీద బతికే మనిషి, ఒక్కతే. ఇంత పొడి ఎలా తిన్నావక్కా అని అడిగాను. గోడ పట్టుకుని ఏడ్చింది. వాళ్ల తమ్ముడు సైదయ్య సంఘంలో తిరుగుతున్నాడని తెలుసు. ఎక్కడున్నాడో ఇప్పుడు చెప్పింది. "నలుగురు చేన్లల్ల చెలకలల్ల పడి తిరుగుతున్నరు జానమ్మా. గింజలు దొరికినా ఉడకేసుకోరాదు, పొగ లేస్తె పట్టుకుంటరు. అటుకులల్ల నీ పొడి కలుపుకోని తింటున్నరట."

నాకు రాజకీయాలు తెలియవు. సైదయ్య తెలుసు. నిరుడు వానకు మా ఇల్లు కురిస్తే అడగకుండానే కప్పెక్కి పెంకులు సర్దాడు. సీసా నింపి ఇచ్చాను.

జులై 17, శనివారం

కందిపప్పు రెట్టింపు వేయించాను. జొన్న పేలాలు విసిరి బెల్లం కలిపాను. అదైతే నీళ్లుంటే చాలు. ఇంత ఎవలు తింటరని అత్త అడిగింది. బడిలో టీచర్లు అడిగారన్నాను. అత్తకు నేను చెప్పిన మొదటి అబద్ధం. మొదటిది కాదేమో, కానీ పెద్దది ఇదే.

ఆయన నుంచి ఏమీ లేదు.

జులై 21

ఎవరు తలుపు తట్టినా రెండు భయాలు కలుగుతున్నాయి. ఆయన గురించి ఏ కబురు తెచ్చారో అని ఒకటి. సీసాలు చూడడానికి వచ్చారేమో అని ఇంకొకటి. ఇవాళ తట్టింది గాజులామె. ఆమె మీద అరిచాను.

జులై 27, మంగళవారం

వచ్చారు. సర్కారు మనుషులు నలుగురు, తుపాకులతో. నేను బడి నుంచి వచ్చి చెప్పులు కూడా విడవలేదు. నేరుగా వంటింట్లోకి నడిచారు. పదకొండు సీసాలు, మూడు జాడీలు. ఉన్నది ఇద్దరు ఆడవాళ్లు, ఇంత సరుకు ఎవరికని వాళ్లలో పెద్దవాడు అడిగాడు.

అత్త లేచింది. వాళ్ల వైపు చూడనే లేదు, నా మీద పడ్డది. "అడుగున్రి, మీరే అడుగున్రి! కోడలని తెచ్చుకుంటె పంతులమ్మ అయి కూసున్నది. పొయ్యి ముట్టియ్యనీకి తీరదట, కూర వండనీకి తీరదట. నెలకు సరిపడ ఒక్కనాడే దంచి నా మొకాన కొడ్తది. ఏడాదాయె నేను ఉడుకుడుకు కూర తినక. గీ సీసలన్ని తీస్కపోన్రి, మీకు పున్నెముంటది!" పొయ్యి దగ్గర కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. అందులో సగం నిజమే. అందుకే నాకూ కన్నీళ్లొచ్చాయి.

పెద్దవాడు ఒక సీసాలో వేలు ముంచి నాకాడు. దగ్గు ఆగలేదు. మిగిలినవాళ్లు నవ్వారు. రెండు సీసాలు సంచిలో వేసుకుని, ఒకటి నేలకేసి కొట్టి వెళ్లిపోయారు.

గాజు పెంకులు ఏరుతూ అత్త చెప్పింది, మొదటి వారమే అంతా తెలిసిందట. "నేను ముసల్దాన్ని, గుడ్డిదాన్ని గాదు. నువ్వు ఉప్పు తక్కువేస్తున్నవ్. ఎండల నడిచేటోళ్లకు ఉప్పు గావాలె. లక్ష్మీనర్సమ్మ సీసల ఎన్నడు నింపినా నేనే ఇంకింత కలుపుతున్న."

ఆమె చేతివేలు తెగింది. పసుపు అద్ది కట్టు కట్టాను. చాలాసేపు చెయ్యి వదల్లేదు.

ఆగస్టు 1, ఆదివారం

ప్రార్థన నుంచి వచ్చి అత్త రోకలి పట్టింది. ఆదివారం పని చేయని మనిషి. ప్రభువుకు నేను చెప్పుకుంట, నువ్వు చెరుగు అన్నది.

ఆగస్టు 8

ఉత్తరం! కోదాడ నుంచి ఉల్లిగడ్డల బండి తోలుకొచ్చిన లింగ్యా తలపాగాలోంచి తీసి ఇచ్చాడు. "సారు మంచిగనే ఉన్నడమ్మా, జర చిక్కిండు, గంతే" అన్నాడు. మిర్యాలగూడలో ఎవరో గాయాలతో వస్తే ఆయన పేరు అడగకుండా కట్టు కట్టాడట. మర్నాడు ఆయన కోసం సర్కారు మనుషులు వాకబు చేస్తుంటే, ఉన్న బట్టలతోనే నడిచి కోదాడ చేరాడట. పాత స్నేహితుడింట్లో దాక్కున్నాడు. చివర రాశాడు: ఇక్కడి వంట నాలుకకు పడడం లేదు, వీలైతే కంది పొడి పంపు.

నెల రోజులు ప్రాణాలు తోడేసి, అడిగింది కంది పొడి. కోపంతో ఉత్తరం విసిరేశాను. అత్త నవ్వు ఆపుకోలేకపోయింది. నేనూ నవ్వాను, తర్వాత ఇద్దరం ఏడ్చాం. రెండు సీసాలు లింగ్యా బండిలో ఉల్లిగడ్డల కింద పెట్టి పంపాం.

ఆగస్టు 23

మిరపకాయలు అయిపోవచ్చాయి. బజారులో దొరకడం లేదు. ఉన్నవి లక్ష్మీనర్సమ్మ సీసాకు, ఆయన సీసాకు సమంగా పంచుతూ చాలాసేపు నిలబడ్డాను. నా చెయ్యి ఎటు మొగ్గిందో రాయను.

సెప్టెంబర్ 6, సోమవారం

మధ్యాహ్నం లక్ష్మీనర్సమ్మ వచ్చింది. సీసా తోమి, మూత బిగించి తెచ్చింది. నింపడానికి చెయ్యి చాచాను. "ఇగ వద్దు జానమ్మా" అన్నది.

సైదయ్యను మేళ్లచెరువు దారిలో కాల్చారట. శవాన్ని ఇవ్వలేదట.

సెప్టెంబర్ 7

బడికి వెళ్లాను.

సెప్టెంబర్ 15

పొద్దున్నే కోదాడ వైపు నుంచి ఇండియన్ మిలిటరీ లారీలు వచ్చాయి. వీధంతా రోడ్డు మీదే ఉంది. పిల్లలు కేకలు, పూలు, జెండాలు. నేనూ వెళ్లాను. లక్ష్మీనర్సమ్మ తలుపు మూసే ఉంది. కాసేపటికి నేనూ తిరిగొచ్చేశాను.

సెప్టెంబర్ 18, శనివారం

ఆయన లారీ దిగి నడిచొచ్చాడు. ఎముకలు తేలాయి, గడ్డం నెరిసింది. అత్త ముఖమంతా తడిమి తడిమి చూసుకున్నది. ఆయన కూర్చున్నచోటే ఒరిగి నిద్రపోయాడు. పక్కనే కూర్చున్నాను. సంతోషంగా ఉండాలి. ఉంది కూడా. గోడవతల మగ్గం చప్పుడు లేదు.

సెప్టెంబర్ 21

లక్ష్మీనర్సమ్మ వచ్చి గడపలో కూర్చుంది. పన్నెండేళ్ల ఇరుగుపొరుగులో మా ఇంట్లో ఉడికిన మెతుకు ముట్టింది లేదు. వాళ్ల కులం వాళ్లు ముట్టరు. మేమూ రమ్మనలేదు. అత్త ఏమీ అడగకుండా తోటకూర, అన్నం కలిపి ముద్ద చేసి నోటి ముందు పెట్టింది. లక్ష్మీనర్సమ్మ ఆ ముద్ద వైపు చూసింది. నోరు తెరిచింది.

మూడో ముద్దకు తనే కంచం దగ్గరికి జరుపుకుంది.