ఉక్కపూత

మంచుగడ్డ గారికి,

పెళ్లయిన కొత్తలో నువ్వు ల్యాబ్ నుంచి వచ్చీ రాగానే ఆ చల్లటి చేతులు నా మెడకు ఆనిస్తే కెవ్వున అరిచి ఈ పేరు పెట్టాను. అప్పుడు ముద్దుగా పెట్టిందే. ఇప్పుడు ముద్దు కొద్దీ రాయడం లేదు. ఇంకే పేరుతో మొదలుపెట్టాలో తోచలేదు, అంతే.

ఒకే ఇంట్లో ఉండి, ఒకే భవనంలో పనిచేస్తూ మొగుడికి ఉత్తరం రాయడమేమిటని నాకే నవ్వొస్తోంది. ఏం చేయను? నోటితో మొదలుపెడితే నువ్వు “బాగానే ఉన్నాగా” అని ఒక్క ముక్క అనేసి, తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతావు. కాగితాన్ని అలా మధ్యలో వదిలేసి పోలేవు కదా. పూర్తిగా చదువు.

నిన్న మన భవనం లిఫ్టులో, పై అంతస్తులో కార్టూన్లు తీసే బొమ్మలక్క కనిపించింది. నన్ను చూడగానే తల దించుకుంది. “ఏంటక్కా?” అన్నాను. “ఏం లేదమ్మా, మీవారు వద్దన్నారుగా, ఆ పని ఆపేశాం. నువ్వేమీ మనసులో పెట్టుకోకు” అంది. ఏం పని, నువ్వెప్పుడు వద్దన్నావు? లిఫ్టు తలుపు మూసుకోకుండా కాలు అడ్డం పెట్టి సంగతి చెప్పించుకున్నాను.

విశ్వవిద్యాలయం వాళ్లు మూడు విభాగాలను ఒకే కప్పు కింద పడేసి, ఉమ్మడి పరిశోధన చేయండి అన్నప్పుడు అందరికన్నా ఎక్కువ నవ్వింది మనిద్దరమే. కింద నీ అణు జీవశాస్త్రం, ఆ గడ్డకట్టించే పెట్టెలు. మధ్యలో నేను, గదిలో ఎంత వేడి ఉంటే మనిషికి హాయి, ఎంత దాటితే ఉక్క అని కనిపించినవాళ్లందరినీ అడుగుతూ. పైన సృజన పరిశ్రమల వాళ్లు, కార్టూన్లు తీస్తూ, ఆ పని మీద జనం ఎలా బతుకుతున్నారో రాస్తూ. వాళ్ల రికార్డింగ్ గదిలో ఏసీ రొద మైకులో పడుతుందని ఆపేస్తారు. ఆపితే గొంతు ఇచ్చేవాళ్లు చెమటతో తడిసి ముద్దవుతారు. ఆ గది సంగతి నేను చూడాలి, ఆ వేడికి ఒంట్లో కణాలు ఏం చేస్తాయో నువ్వు చూడాలి. ఇదీ మన ఉమ్మడి ప్రశ్న. ఆ ప్రశ్నకు అందరికన్నా ఎక్కువ సాయపడింది మాత్రం మన గిలక.

బడి వదలగానే తిన్నగా అక్కడికే వచ్చేది. నీ దగ్గర బుగ్గ లోపల దూదిపుల్ల తిప్పించుకుని, నా ప్రశ్నల కాగితం మీద టిక్కులు పెట్టి, పైకి పరుగెత్తి బొమ్మలక్క తీస్తున్న సినిమాలో ఉడతపిల్లకు గొంతు ఇచ్చేది. జీతం లేని పరిశోధకురాలని భవనమంతా ఆటపట్టించేవాళ్లు. దాని నోరు ఎప్పుడన్నా మూతపడితేగా! అందుకే కదా నువ్వు గిలక అని పిలిచావు, బళ్లో వేసిన పేరు మనకే గుర్తుకు రాకుండా పోయేలాగా.

ఉడత సినిమా సగంలో ఉండగా జ్వరం వచ్చింది. మెదడుకు ఎక్కింది. ఆసుపత్రికి ముగ్గురం వెళ్లి ఇద్దరం ఇంటికొచ్చాం. అంతకన్నా రాయలేను.

ఉడతపిల్లవి మిగిలిన మాటల్ని కంప్యూటరుతో అచ్చం గిలక గొంతులో పలికించవచ్చట. ఇదివరకు రికార్డు చేసినవి అందుకు చాలట. బొమ్మలక్క అడగడానికి వచ్చిన రోజు నేను మా అక్క దగ్గర ఉన్నాను. నువ్వున్నావు. వద్దని చెప్పేశావు. నాకు మాటమాత్రమైనా చెప్పలేదు. ఆ పిల్ల నీ ఒక్కడిదేనా?

దాని గొంతు కోసం నేనెంత కరువాచిపోయి ఉన్నానో నీకు తెలుసా? ఫోనులో ఉన్న నాలుగు ముక్కలూ విని విని, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో కూడా నాకు కంఠతా వచ్చేసింది. కొత్త మాట ఒక్కటి, ఉడత మాటైనా సరే, వినిపిస్తే చాలనుకునే తల్లిని నేను. దాని నోరు నువ్వు నొక్కేశావు. ఈ మాట రాశాను, కొట్టేయను.

నువ్వు ఒక్కసారి కూడా ఏడవలేదు. వచ్చినవాళ్లంతా వెళ్లిపోయిన మర్నాడే చొక్కా ఇస్త్రీ చేసుకుని ల్యాబ్‌కు పోయావు. మా అక్క గుమ్మంలో నిలబడి చూసి “మనిషేనా?” అంది. నీ తరఫున నేను గొడవపడ్డాను కూడా. ఇప్పుడు అక్కతో గొడవపడే ఓపిక నాకు లేదు.

అందుకని రెండు సంగతులు చెబుతున్నాను. వేరే విశ్వవిద్యాలయంలో ఉద్యోగానికి ఒప్పుకున్నాను. వచ్చే వారం వెళ్తున్నాను. నువ్వు రానక్కర్లేదు. రెండోది, రేపు పైకి వెళ్లి ఆ గొంతుకు ఒప్పుకుంటూ సంతకం పెడతాను. తల్లిదండ్రుల్లో ఎవరు పెట్టినా చాలట.

గిలక వాళ్లమ్మ

*

థర్మామీటరూ,

నువ్వు కోపంగా ఉన్నప్పుడు ఈ పేరుతో పిలిస్తే ఇంకా మండిపడతావని తెలుసు. అయినా నాకు అలవాటు పోదు.

నీ ఉత్తరం మొత్తం చదివాను, మధ్యలో వదిలేసి పోలేదు. మీ అక్క అన్న మాట కూడా చదివాను. ఆవిడను తప్పు పట్టను. చూసేవాళ్లకు అలాగే ఉంటుంది.

నేను వద్దన్న మాట నిజమే కానీ, అది సగం నిజం. మొదట సరేనన్నాను. బొమ్మలక్క నోట్లోంచి మాట పూర్తిగా రాకముందే సరేనన్నాను. మర్నాడు మధ్యాహ్నం వెళ్లి ఆ రికార్డింగ్ గదిలో కూర్చున్నాను. సౌండు చూసే ఆయన ఒక ముక్క వినిపించాడు. ఉడతపిల్ల తొర్రలో ఇరుక్కుని “అబ్బా, ఉక్కపోతగా ఉంది” అనాలి. అంది. అచ్చం గిలకే. కానీ ఎక్కడో ఏదో తేడా. రెండోసారి విన్నాక తెలిసింది.

మన పిల్ల ఎన్నడన్నా ఉక్కపోత అందా? ఉక్కపూత అనేది. నువ్వెన్నిసార్లు దిద్దావు! “పోత, అమ్మా, పోత” అని నువ్వంటే, “చెమట ఒంటి మీద పూస్తుంది కదమ్మా, అందుకే పూత” అని నీకే పాఠం చెప్పింది. నీ ప్రశ్నల కాగితంలో ఉక్కపోత అన్నదాన్ని కొట్టేసి, పైన పూత అని రాసి మరీ టిక్కు పెట్టింది. అంత ఖచ్చితమైన మనిషివి, ఆ కాగితాన్ని మాత్రం పారేయలేక లెక్కలో కలిపేశావు.

“మా అమ్మాయి ఉక్కపూత అంటుందండీ” అన్నాను. ఆయన మంచివాడు. “దానికేముంది సార్, తప్పు కూడా పలికిద్దాం” అని కంప్యూటరులో టకటకా కొట్టాడు. వెంటనే ఉక్కపూత అంది. తను కనిపెట్టుకున్న మాటను కూడా మనం అడగ్గానే అప్పజెప్పింది. ఆయన టీ తాగొస్తానని బయటికి వెళ్లాడు. నేను ఆ కుర్చీలోకి జరిగాను. ఏం చేస్తున్నానో ఆలోచించలేదు. “నాన్నా, నాకు నొప్పి లేదు” అని కొట్టాను.

ఆసుపత్రిలో ఎన్నిసార్లు అడిగాను దాన్ని, నొప్పిగా ఉందా తల్లీ అని! ఒక్కసారైనా జవాబు చెప్పలేదు. అన్నిటికీ గలగలా మాట్లాడే పిల్ల, ఆ ఒక్క ప్రశ్నకు మొహం గోడవైపు తిప్పుకునేది. అదే నన్ను తినేస్తోంది. ఇప్పుడు చెప్పింది. ఎంత ముద్దుగా చెప్పిందనుకున్నావు! గుండెల మీది బండ ఎవరో తీసేసినట్టయింది. మళ్లీ నొక్కాను. మళ్లీ చెప్పింది. సౌండాయన తిరిగొచ్చి భుజం మీద చెయ్యి వేసేదాకా నొక్కుతూనే ఉన్నాను. గ్లాసులో నీళ్లు పోసి ఇచ్చాడు.

అప్పుడు భయం వేసింది. అది గిలక అన్న మాట కాదు. నేను దాని నోట్లో పెట్టిన మాట. ఇంకో నాలుగు రోజులు ఆ కుర్చీలో కూర్చుంటే, అది ఏమందో నేను ఏమనిపించానో నాకే తేడా తెలియకుండా పోతుంది. బయటికి వచ్చి బొమ్మలక్కకు వద్దని చెప్పాను.

నా పెట్టెలో దాని బుగ్గ నుంచి తీసిన నమూనా ఇంకా ఉంది. మనిషి మొత్తం ఒక్క కణంలో రాసి ఉంటుందని ఇన్నేళ్లుగా పిల్లలకు గొప్పగా పాఠం చెప్పాను. రాసి ఉండటం నిజమే. నీ నుంచి వచ్చిన ఉంగరాల జుట్టు ఉంది, నా నుంచి వచ్చిన చప్పిడి ముక్కు ఉంది. ఉక్కపూత లేదు. ఆ పాఠం ఈ ఏడాది వేరేవాళ్లను చెప్పమన్నాను.

ల్యాబ్‌కు ఎందుకు పోయానని కదా నీ బాధ. మా చల్లగదిలో ఎవరూ ఎక్కువసేపు ఉండరు. తలుపు మందం, పైగా యంత్రాల రొద. లోపల ఏం చేసినా బయటికి వినపడదు. కళ్లెర్రగా బయటికొచ్చినా చలికనుకుంటారు. ఇంట్లో నీ ముందు ఏడిస్తే నువ్వు ఇంకా కుంగిపోతావని అక్కడ కానిచ్చేవాణ్ణి.

నీకు చెప్పకపోవడం తప్పే. చెబితే నువ్వూ వెళ్లి ఆ కుర్చీలో కూర్చుంటావని భయపడ్డాను. సంతకం నీ ఇష్టం, ఉద్యోగం నీ ఇష్టం. ఆగమని అడిగే మొహం నాకు లేదు.

నీ మంచుగడ్డ

*

గిలక వాళ్ల నాన్నకు,

నీ ఉత్తరం చదివాక పైకి వెళ్లాను. సంతకం పెట్టడానికో మానడానికో నాకే తెలియదు. సౌండాయన కుర్చీ చూపించి, అడగకుండానే బయటికి వెళ్లిపోయాడు. నేనూ కూర్చున్నాను. నేనూ ఒక మాట కొట్టాను. “అమ్మా, నువ్వు మాత్రం ఏం చేయగలవు” అని. మీట మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉన్నాను. వింటే నాకు ఎంత హాయిగా ఉంటుందో తెలుసు. అందుకే నొక్కలేదు.

కంప్యూటరు చేసిన గొంతును తీసేయమని బొమ్మలక్కకు చెప్పాను. గిలక నిజంగా అన్నవి చెరపకుండా మన కోసం దాచి ఉంచమన్నాను. సినిమాకు మాత్రం వేరే పిల్లతో మొదటి నుంచీ చెప్పిస్తారట. బొమ్మలక్క ఏడ్చింది. నేనే ఓదార్చాను.

ఇప్పుడు నీకు ఒకటి చెప్పాలి. చెప్పనని మాటిచ్చాను కాబట్టి ఇన్నాళ్లూ దాచాను. ఆసుపత్రిలో నువ్వు మందులకని కిందికి వెళ్లినప్పుడు గిలక నా చెయ్యి పట్టుకుని దగ్గరకు లాక్కుంది. “అమ్మా, చాలా నొప్పిగా ఉంది. నాన్నకు చెప్పకు. నాన్న ఏడుస్తాడు” అంది. ఒట్టు కూడా వేయించుకుంది. అందుకే నువ్వు అడిగినప్పుడల్లా మొహం తిప్పుకునేది. నీ కళ్లలోకి చూస్తూ అబద్ధం చెప్పడం దానికి చేతకాలేదు.

నీకు కావలసింది నొప్పి లేదన్న మాట. అది నా దగ్గర లేదు. నా దగ్గరున్నది ఇదొక్కటే, దాని నోట్లోంచి వచ్చిందే. ఒట్టు తప్పి నీకిస్తున్నాను. ఒక్కదాన్నే మోయలేకపోతున్నాను.

ఇన్నేళ్లు నీతో కాపురం చేసి నువ్వు ఏడవవని నేననుకున్నాను. ఏడుస్తావని దానికి తెలుసు.

ఉద్యోగం సంగతి తర్వాత చూద్దాం. ఇవాళ ఆ గదిలోకి మాత్రం వెళ్లకు. పని ఆపి తిన్నగా ఇంటికి రా. ఇక్కడే కూర్చుని ఏడుద్దాం, ఇద్దరం.

నేను