దొంగ మాట

చిరంజీవి పిట్టకు, మీ అమ్మ దీవించి రాసేది.

ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే నేను, నా మోకాళ్లు, కింది గదిలో రోజంతా దడదడలాడే అచ్చు మిషను. అక్కడ నువ్వూ అల్లుడూ క్షేమమనే తలుస్తాను. నీ ఉత్తరం చూశాక అలా తలవడానికి ఏమీ మిగల్లేదనుకో, అయినా రాయడం ఆనవాయితీ కాబట్టి రాశాను.

నీ ఉత్తరం మంగళవారం అందింది. కళ్లనీళ్లు పెట్టుకుంటూ చదివానని రాస్తే నీకు ఊరటగా ఉంటుంది గానీ, నేను ఎర్ర పెన్సిలు చేత్తో పట్టుకునే చదివాను. ముప్పై ఏళ్లు ప్రూఫులు దిద్దిన చెయ్యి, ఊరికే ఉండదు. పద్నాలుగు తప్పులున్నాయి. 'అవమానం' అన్న మాట ఐదుసార్లు రాశావు, ఐదుసార్లూ తప్పు లేకుండా రాశావు. 'నిజాయితీ' ఒక్కసారే రాశావు, అందులో దీర్ఘం ఎగిరిపోయింది.

నా కళ్లెలా ఉన్నాయని అడిగావు. భేషుగ్గా ఉన్నాయి. మూడేళ్ల కిందట ఆపరేషన్ చేసిన డాక్టరు మొన్న చూసి, ఈ వయసుకి ఇంత చూపు ఉండటం గొప్పే అన్నాడు. నువ్వు పంపుతానన్న విటమిన్ మాత్రలు వద్దు. అల్లుడికి జలుబు తగ్గిందా? ఆవిరి పట్టమను, తగ్గకపోతే డాక్టరుకి చూపించుకోమను.

ఇక నీ గొడవ. నీ పుస్తకం అచ్చేసిన మీ ఆఫీసు మీటింగు రూములో పదకొండు మంది ముందు నిన్ను నిలబెట్టి, మా ప్రెస్ పుస్తకమూ నీ పుస్తకమూ పక్కపక్కన పెట్టారని రాశావు. మా పుస్తకం పిల్లల కోసం వేసిన ఇంగ్లీషు మాటల పుస్తకం, పేజీకి ఒక గుంపు, గుంపులో మాటలన్నిటికీ చివరి అక్షరాలు ఒకటే. ముందు అక్షరం ఒకటో రెండో మారితే చాలు, మాట మారుతుంది, అర్థం మారుతుంది. నీదీ అలాంటిదే. అలాంటిదేమిటి, అదే. ఒక పేజీ తీసి, హంబుల్, టంబుల్, స్టంబుల్, మంబుల్ అని వరసగా నీ చేత చదివించి, తొమ్మిదో మాట దగ్గర ఆపమన్నారట. 'లంబుల్' అనే మాట ఏ డిక్షనరీలో దొరికింది నీకు అని అడిగారట. ఏదో పాత డిక్షనరీలో అన్నావట. వెంటనే ఆరు డిక్షనరీలు తెప్పించి నీ ముందు పెట్టారట. ఒక్కొక్కటే తెరిచి, అందరూ చూస్తుండగా వెతికావట.

హంబుల్ అంటే అణకువ. అది నీకు ఆ రోజు కూడా రాలేదని తెలుస్తూనే ఉంది. మంబుల్ అంటే నోట్లో నోట్లో గొణగడం, ఫంబుల్ అంటే చేతుల్లో పట్టు తప్పి తడుముకోవడం. ఆ రెండూ మాత్రం బాగా చేసి ఉంటావు. చదువుతుంటే నాకు సంతోషం వేసింది పిట్టా. దాచుకోవడం ఎందుకు, నిజంగానే వేసింది. తర్వాత రెండు రోజులు తిండి సహించలేదు, అది వేరే సంగతి.

అమ్ముడుపోకుండా మిగిలిన పుస్తకాలన్నీ గోడౌనులో పేర్చి, అట్ట మీద నీ పేరు కనబడకుండా కాగితం ముక్కలు అంటించే పని నీకే అప్పజెప్పారా? ఎవరికి తట్టిందో గానీ, ఆ ఆలోచన చేసిన వాడికి దణ్ణం పెట్టాలి. జిగురు పల్చగా రాయి. ముద్దగా రాస్తే అట్ట ముడతలు పడుతుంది.

"మాటలు ఎవడబ్బ సొత్తూ కాదు కదమ్మా" అని రాశావు. నిజమే. మాటలు అందరివీ. అయితే వాటిని ఏరి, ఒక్కో అట్టముక్క మీద ఒక్కో మాట రాసి, కింద పిల్లలకి అర్థమయ్యేలా అర్థం రాసి, బిస్కెట్ డబ్బాల్లో గుంపులు గుంపులుగా సర్దిన వేళ్లు మాత్రం నావి. పుస్తకం మీద 'సంపాదక వర్గం' అని వేశారు. ఆ వర్గం అంటే నేనూ నా కుర్చీ. అందులో కుర్చీకి కాలు విరిగితే మార్చారు. నా పేరు ఎక్కడా లేదు. నేను అడగలేదు కూడా. ఒక్కదాన్నే ఉండి నిన్ను పెంచుకోవాలి, పని ఉంటే చాలనుకున్నాను.

మా ప్రెస్ పెద్దాయనకి ఒక అలవాటు ఉంది. నీకు తెలియదు, ఎవరికీ తెలియనివ్వలేదు. ఆయన అచ్చువేసే ప్రతి పుస్తకంలో ఒక దొంగ మాట ఉంటుంది. భూమ్మీద ఎక్కడా లేని మాట. దాన్ని అసలు మాటల మధ్య పెట్టి, అర్థం కూడా రాసి, ఏమీ ఎరగనట్టు అచ్చేస్తాం. ఎవరైనా మా పుస్తకాన్ని ఎత్తి రాసుకుంటే దాన్ని కూడా ఎత్తుకుపోతారు. నేను సొంతంగా ఏరుకున్నానండీ అని ఇక బుకాయించలేరు. ఏ మాట పెట్టామో పెట్టిన మనిషికే తెలుస్తుంది. పెద్దాయనకి కూడా చెప్పం. కాగితం మీద రాసి, కవరులో పెట్టి, అంటించి ఇస్తే ఆయన ఇనప బీరువాలో పడేస్తారు. ఆ కవరు తెరవాలంటే నేను నోరు విప్పాలి. ఇన్నేళ్లలో ఇద్దరు దొరికారు. ఇద్దరూ ముక్కూ మొహం తెలియని వాళ్లు.

"మీ ప్రెస్‌లో ఎవరు చెప్పారమ్మా, ఎవరైనా సరే వాణ్ని వదలను" అని రాశావు. దానికి వస్తాను. ముందు మీ టైపిస్టు సంగతి.

ఆ పేజీలన్నీ టైపిస్టే ఎక్కడి నుంచో తెచ్చిచ్చాడని, ఆయన్ని నమ్మి మోసపోయానని మీ డైరెక్టరుకి చెప్పానన్నావు. సోమవారం ఆయన్ని పిలిచి తీసేస్తారని, అప్పుడు నీ మీద మచ్చ పోతుందని రాశావు. నాక్కూడా అదే కథ చెప్పావు. పిట్టా, నీ పుస్తకం ముందుమాటలో 'ఓపికగా టైపు చేసిపెట్టిన మా టైపిస్టుకు కృతజ్ఞతలు' అని ఉంది. నాలుగు నెలలు తిరక్కుండా ఆ మనిషినే నూతిలోకి తోస్తున్నావు. కృతజ్ఞత అంటే ఇంత కిరాతకంగా ఉంటుందని నాకు తెలియదు.

నా కంటి ఆపరేషన్ అయినప్పుడు నువ్వు వచ్చి పది రోజులున్నావు. రెండు కళ్లకీ కట్టు కట్టి, మూడు రోజులు వెల్లకిలా కదలకుండా పడుకోమన్నారు నన్ను. నోట్లో చెంచాతో గంజి పోశావు, బాత్‌రూముకి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లావు. నా కూతురు బంగారం అని పక్కింటావిడతో చెప్పుకున్నాను. రెండో రోజు పొద్దున పక్క గదిలో డబ్బా మూత తీసిన చప్పుడైంది. తర్వాత టిక్కుమని ఒక చప్పుడు. మళ్లీ టిక్కు. మళ్లీ టిక్కు. "ఏం చేస్తున్నావే?" అని అడిగాను. "ఏం లేదమ్మా, మా ఆయనకి మెసేజ్ పెడుతున్నా" అన్నావు. ఒక్కో చప్పుడుకీ ఒక్కో అట్టముక్క. రెండు వందల దాకా లెక్కపెట్టి మానేశాను. ఫోటోలు తీసుకుంటే తీసుకుంది, రేపు చెబుతుందిలే అనుకున్నాను. రైలెక్కేదాకా చూశాను. ఆ తర్వాత ప్రతి ఉత్తరంలోనూ చూశాను.

మొన్న వేసవిలో పార్సిలు వచ్చింది. మెరిసే అట్ట, దాని మీద నీ పేరు, లోపల 'అమ్మకి, ప్రేమతో' అని నీ సంతకం. ముందుమాట చదివాను. డైరెక్టరుకి కృతజ్ఞతలు, అల్లుడికి కృతజ్ఞతలు, టైపిస్టుకి చెప్పానుగా, చివరికి నువ్వు కూర్చుని రాసుకున్న కాఫీ షాపు వాడికి కూడా. నాలుగుసార్లు చదివాను, పేజీ వెనక ఏమైనా ఉందేమోనని తిప్పి కూడా చూశాను. ఒళ్లు మండిపోయింది. తర్వాత ఏడుపొచ్చింది. తర్వాత మళ్లీ మండింది. అయినా అప్పటికీ ఏమీ అనుకోలేదు నేను, పరువు తీయాలనుకోలేదు. ఆ ఒక్క పేజీ తీసి చూద్దాం, అక్కడ ఆ మాట లేకపోతే చాలు, నా కంఠంలో ప్రాణం ఉండగా నోరెత్తను అనుకున్నాను.

తీశాను. తొమ్మిదో మాట, ఉంది.

ఉండటమే కాదు, అర్థం కూడా బాగుచేశావు. 'చిటికెన వేలు పట్టుకుని వెంట నడవడం' అని నేను రాస్తే, నువ్వు 'ఇతరులపై ఆధారపడి వెంట నడుచుట' అన్నావు. పైగా సొంతంగా ఒక ఉదాహరణ వాక్యం కలిపావు: బలహీనులు బలవంతుల వెంట లంబుల్ చేస్తారు.

మూడు రోజులు ఆ పుస్తకాన్ని బల్ల మీదే ఉంచాను. నాలుగో రోజు పట్టుకుని కిందికి దిగాను. పెద్దాయన అట్ట చూసి, "ఇది మన పిల్లది కదమ్మా?" అన్నారు.

"అవునండీ."

"కవరు తియ్యమంటావా?"

"తియ్యండి."

"ఇంకోసారి ఆలోచించుకో. నువ్వు ఊరుకుంటే నాకేం తెలియదు. మాట నీది, పిల్ల నీది."

"ఆలోచించుకునే వచ్చానండీ" అన్నాను.

ఆయన బీరువాలోంచి తీసిచ్చిన కవరు నేనే చించాను. మీ డైరెక్టరుకి వెళ్లిన ఉత్తరం ఆయన చెబుతుంటే రాసింది కూడా నేనే. ఆ దస్తూరీ నీకు చూపించి ఉండరు. చూపించి ఉంటే టైపిస్టు జోలికి పోయేదానివి కాదు.

కాబట్టి నువ్వు వదలనన్న మనిషిని నేనే. ఏం చేస్తావో చెయ్యి.

ఇంకొక్కటి ఉంది. రాయకూడదనుకున్నాను గానీ, రాయకపోతే నిద్ర పట్టదు. నీకు ఐదేళ్లప్పుడు, నిన్ను ఇంట్లో వదిలే దిక్కులేక ప్రెస్‌కి వెంటబెట్టుకుని వెళ్లేదాన్ని. దారి పొడుగునా మనకి ఒక ఆట. నేను చివరి అక్షరాలు చెప్పాలి, నువ్వు ముందు అక్షరం తగిలించాలి. ఒకరోజు టంబుల్ అయింది, గ్రంబుల్ అయింది, నువ్వు ఎగిరి "లంబుల్!" అన్నావు.

"అలాంటి మాట లేదే" అన్నాను.

"ఉంది."

"ఉంటే అర్థం ఉండాలిగా. చెప్పు మరి."

నువ్వు నా చిటికెన వేలు గట్టిగా పట్టుకుని, "ఇలా నడవడం" అన్నావు. డబ్బాలో దాన్ని కూడా వెయ్యమని రెండు రోజులు మారాం చేస్తే అట్టముక్క రాసి వేశాను. తర్వాత పెద్దాయన ఒక దొంగ మాట పెట్టమ్మా అన్నప్పుడు నేను వెతుక్కోలేదు. లోకంలో మనిద్దరికే తెలిసిన మాట అదొక్కటే. దొంగ ఎవరైనా ఆ మాట దగ్గర దొరుకుతాడు, ఒక్క నువ్వు తప్ప అనుకున్నాను. నువ్వు దొంగతనం చేసినందుకు చెప్పలేదు నేను. ఫోటో తీసేటప్పుడు గుర్తు రాలేదు, టైపు చేయించేటప్పుడు గుర్తు రాలేదు, ఆరు డిక్షనరీలు వెతికినప్పుడు కూడా అది నీ మాటేనని నీకు గుర్తు రాలేదు. అందుకు చెప్పాను.

ఆ అట్టముక్క ఈ కవరులోనే పెడుతున్నాను. అందరికీ తెలిసిపోయింది కాబట్టి ఇక దొంగల్ని పట్టడానికి పనికిరాదన్నారు పెద్దాయన, కొత్త ముద్రణలో తీసేస్తున్నాం. వెనక్కి తిప్పి చూడు. రంగు పెన్సిలుతో నువ్వు రాసిన అక్షరాలున్నాయి. ఆరింట్లో మూడు తప్పు. నేను దిద్దలేదు.

సోమవారం పొద్దున ఆ టైపిస్టుని పిలిచేలోపు నువ్వే డైరెక్టరు గదిలోకి వెళ్లి, ఆ పేజీలు ఎక్కడివో, ఎవరి డబ్బాల్లోవో, ఎప్పుడు ఫోటో తీశావో చెప్పు. చెప్పానని నాకు ఫోన్ చెయ్యి. మీ డైరెక్టరు పేర రెండో ఉత్తరం రాసి, స్టాంపు అంటించి బల్ల మీద పెట్టుకున్నాను. మధ్యాహ్నం తపాలా కట్ట కట్టేలోపు నీ ఫోన్ వస్తే చించేస్తాను. సొంత కూతురి మీద రెండోసారి రాస్తుందా అని అనుకోవద్దు. మొదటిసారే కష్టంగా ఉండింది.

పది రోజులు ఇక్కడికి వచ్చి ఉండనా అని అడిగావు. చెప్పాక రా. నీ దుప్పటి ఉతికి ఎండేశాను. డబ్బాల అల్మారాకి తాళం వేయించాను, తాళంచెవి పెద్దాయన దగ్గర ఉంది. స్టేషనుకి నేను రాలేను, ఒక్కదానివే నడిచి రా.

ఇట్లు,
నీ ముందుమాటలో పట్టని
మీ అమ్మ