నువ్వు కొరికిన బెండు

నాన్నా,

నీ సంవత్సరీకం అయిన మర్నాడు అంతర్వేది ఒడ్డుకి జీపులో ముగ్గురు వచ్చారు. సముద్రం విసిరేసిన ప్లాస్టిక్ ముక్కలు ఏరి, ఒక్కోదానికీ పిస్తోలులాంటి మిషను ఆనించి, అందులో పడే అంకెలు చూసుకుని, వెండి కాగితంలో చుట్టారు. ముగ్గురి చేతులకీ రబ్బరు తొడుగులు.

"ఏం చూస్తున్నారండీ?" అని అమ్మ అడిగింది.

"వీటికి కెమికల్స్ ఏమైనా పట్టాయేమోనని చూస్తున్నామమ్మా."

"పట్టాయా మరి?"

"ఇప్పుడే చెప్పలేం. భయమేం లేదులెండి."

భయం లేనప్పుడు తొడుగులెందుకు? ఆ మాట నాకింకా మింగుడుపడటం లేదు.

నువ్వు ఆ ముక్కలే ఏరుకొచ్చి, వల తేలడానికి బెండ్లు కోసేవాడివి. ఏ ముక్క తేలుతుందో పంటితో కొరికితేనే తెలుస్తుందనేవాడివి. నోట్లో పుండు మానకపోయినా కొరకడం మానలేదు. నిన్ను తీసుకుపోయిన ఆ పుండు పొగాకు వల్లే వచ్చిందన్నాడు డాక్టరు. అసలు నువ్వు చుట్ట ముట్టిందెప్పుడు?

వెళ్తూ వెళ్తూ ఆ మిషను మనిషి మన గుమ్మం దగ్గర ఆగాడు. "ఇంట్లో పాత ముక్కలేమైనా ఉంటే ఇవ్వండమ్మా, చూస్తాం" అన్నాడు.

అమ్మ ఏమీ లేవంది.

నీ పంటి గాటున్న ఆఖరి బెండు అప్పటికే ఆమె కొంగు ముడిలో ఉంది.