నీళ్ళబల్లికి మూడు పేర్లు

బంటింగ్

నాయనమ్మకు మోహనప్రియ నమస్కారాలు.

మలయ్ మాటల మధ్య తెలుగు మరిచిపోతున్నానని ఉత్తరం రాయమన్నావు, రాస్తున్నాను. ఈ బంటింగ్ గదిలో ఇప్పుడు ఒంటరిగా లేను. ఫ్యాక్టరీలో నాతో పనిచేసే సుగంధి ఊరెళ్తూ న్యూట్‌ను నాకు అప్పగించింది. వాడు చిన్నవాడు, ఇంకా లార్వా. చెవుల పక్కన కుచ్చులు. ఎప్పుడూ నీళ్ళలోనే. వేడికి తట్టుకోలేడు, అందుకే రాత్రీ పగలూ ఎయిర్‌కాన్.

నీ మనవరాలు,
మోహనప్రియ

తా.క. పురుగులంటే వాడికి ప్రాణం.

సుంగై సుమున్

మోహనప్రియకు నాయనమ్మ నూకమ్మ దీవెనలు.

అమ్మీ, నీ ఉత్తరం సదివి కుర్చీలో కూలబడినాను. న్యూటు ఏటి, అదేం పేరు? మగోడికి సెవులకాడ కుచ్చులేటి? పొద్దస్తమానం నీళ్ళలో ఉంటే పనికెప్పుడు పోతాడు లా?

దిగులుతో,
నూకమ్మ

తా.క. పురుగులు తినేవోడికి వండి పెట్టక్కరలేదు. అదొక్కటే నయం.

బంటింగ్

కంగారుపడే నాయనమ్మకు నమస్కారాలు.

కుచ్చులు రాలిపోయాయి. వాడు నీళ్ళు మానేసి ఒడ్డెక్కాడు, ఒళ్ళంతా ఎర్రబడింది. ఇప్పుడు వాడి పేరు ఎఫ్ట్. రెండు మూడేళ్ళు ఇలా తిరిగి, పెద్దయ్యాక మళ్ళీ నీళ్ళలో దిగుతాడు. అప్పుడు మళ్ళీ న్యూటే. పిల్లల్ని కనడం అప్పుడేనట.

ప్రేమతో,
మోహనప్రియ

తా.క. నిన్న తోలు వదిలి, దాన్ని తనే తినేశాడు.

సుంగై సుమున్

తెలివిలేని మనవరాలికి నూకమ్మ రాసేది.

ఆ నీళ్ళేటో ఇప్పుడు తెలిసినాది. తాగుడు! మానేసినాడంట, మళ్ళీ దిగుతాడంట! పేరు మార్చుకుని తిరిగేవోణ్ణి పోలీసులు వెతుకుతారు. ఆదివారం మనూరి కాంతయ్య కొడుకు కిశోర్‌కుమార్‌ను బస్సెక్కిస్తున్నాను. ఆ తాగుబోతోణ్ణి మెడ పట్టి రోడ్డుమీద పెడతాడు.

కోపంతో,
నూకమ్మ

తా.క. తిన్నది కోడితోలైతే పరవాలేదు.

బంటింగ్

నాయనమ్మ పాదాలకు మోహనప్రియ నమస్కారాలు.

కిశోర్‌కుమార్ వచ్చాడు. తలుపు తీయగానే "ఏడీ ఆడు?" అని అరిచాడు. గాజుపెట్టె చూపించాను. అందులో వేలెడంత ఎర్రబల్లి. చాలాసేపు వంగి చూసి, "దీనికి మెడెక్కడుంది లా?" అన్నాడు. అప్పుడు గానీ నీ ఉత్తరాలు నాకు అర్థం కాలేదు. న్యూట్ అంటే నీళ్ళలో పుట్టే బల్లిలాంటిది, నాయనమ్మా! జంతువును "అది" అనాలని కిశోర్‌కుమారే చెప్పాడు.

టీ తాగేసరికి బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు కూడా వెళ్ళిపోయింది. ఇప్పుడు ప్రతి ఆదివారం నాకు తెలుగు నేర్పడానికి వస్తున్నాడు. వచ్చే నెల కాంతయ్య మావయ్య మా ఇద్దరి సంగతి నీతో మాట్లాడటానికి వస్తారు. కాదనకు.

సిగ్గుతో,
మోహనప్రియ

తా.క. ఈ ఉత్తరం కిశోర్‌కుమారే దిద్దాడు. ఇకమీదట తనను "అతను" అని రాయాలా, "ఆయన" అని రాయాలా అని అడిగాను. చేతిలోని టీ అంతా ఒలకబోసుకున్నాడు.